నలుగురి చేయి పడిన మిషను

చిత్తూరు బజారువీధిలో నూనెకొట్టు పైన వరదయ్య ఆఫీసు. ఊళ్లో మిగతా వకీళ్లు గట్టు జరిగిందనో, గోడ కట్టారనో, చచ్చినవాడి చేను ఎవరిదనో కోర్టుకెక్కుతారు. వరదయ్య కోర్టు మెట్లెక్కి ఏళ్లయింది. ఆయన వ్యాపారం వేరు. ఎవడైనా కొత్త యంత్రం కనిపెడితే, కొన్నేళ్లపాటు దాన్ని ఇంకెవడూ చేయకూడదని సర్కారు చేత రాయించుకోవచ్చు. దాన్ని పేటెంటు అంటారు. అది పుట్టించడం, పుట్టినదాన్ని కాచుకోవడం, ఎదుటివాడికి పుట్టబోయేదాన్ని కడుపులోనే చంపడం, ఈ మూడే వరదయ్య దగ్గర దొరికే సరుకులు. మూడోదానికే గిరాకీ ఎక్కువ.

కొనేవాళ్లంతా సముద్రం అవతలివాళ్లు. ఇంగ్లండులో మిల్లులకు యంత్రాలు పోతపోసేవాళ్లు, అమెరికాలో పంపులు చేసేవాళ్లు, స్విట్జర్లాండులో రంగులు కాచేవాళ్లు. వాళ్లెవరూ ఆయన ముఖం చూడలేదు. వాళ్ల పనులు మొదట మద్రాసులో ఒక తెల్లదొర ఆఫీసుకు వస్తాయి. కడప, చిత్తూరు వైపు తిరగవలసినవి ఉంటే దొర వాటిని వరదయ్యకు పంపుతాడు. అంటే తాను పెద్ద మండీ కింద చిల్లర దళారి. ఈ మాట వరదయ్య ఎవరితోనూ అనడు గానీ, రోజుకొకసారైనా మనసులో అనుకుంటాడు.

అది 1947 ఆషాఢం. దొరలు మూటాముల్లె సర్దుకుంటున్నారని బజారంతా అదే మాట. మరి నీ వ్యాపారం ఏమవుతుందని, మండీ నడిపే అన్న అడిగితే వరదయ్య నవ్వాడు. మనుషులు ఓడెక్కుతారు గానీ హక్కులు ఎక్కవని చెప్పాడు.

సోమవారం పొద్దున ఆయన బల్ల మీద ఉన్నది పాకాల ఆదిమూలం ఆచారి పేటెంటు అర్జీ నకలు. వేరుశనగ కాయలు ఒలిచే మిషను. ఇంగ్లండు కంపెనీవాళ్లు అలాంటి మిషన్లు ఈ దేశమంతా అమ్ముతున్నారు. వాటిలో ఇనప కమ్ములు తిరుగుతాయి. కాయ పగులుతుంది, దాంతోపాటు గింజా పగులుతుంది. పగిలిన గింజ గానుగకు తప్ప దేనికీ పనికిరాదు. విత్తనానికీ, ఓడలకెక్కే సరుక్కీ నిండు గింజ కావాలి. అందుకని రైతుల ఇళ్లల్లో ఆడవాళ్లు నేటికీ చేత్తోనే ఒలుస్తున్నారు, బొటనవేళ్లు పుండ్లు పడేదాకా. ఆదిమూలం కమ్ములు తీసేసి, వాటి చోట పాత మిలటరీ లారీ టైరు ముక్కలు బిగించాడు. రబ్బరు కాయను నలుపుతుంది, గింజను వదిలేస్తుంది. కాయ సైజును బట్టి సందు పెంచడానికీ, తగ్గించడానికీ ఒక చెక్క చీల పెట్టాడు. అంతే.

దీన్ని ఆపమని కంపెనీ కోరిక. అభ్యంతరం నోటీసు ఇప్పటికే దొర కలకత్తా పేటెంటు ఆఫీసులో వేశాడు. దానికి తగిన సాక్ష్యం ఈ వారంలో చేరాలి. చేరకపోతే హక్కు ఆచారిదవుతుంది.

వరదయ్య స్కేలు బద్ద పెట్టి, ఎర్ర పెన్సిలుతో అర్జీని మాట మాటా చదివాడు. పేటెంటు అర్జీ చేను చుట్టూ వేసిన కంచె లాంటిది. కంచె వేసినవాడి తొందరలో ఎక్కడో ఒక సందు మిగులుతుంది. అక్కడ చేయి పెట్టి లాగితే సరి. ఈ కంచెలో సందు లేదు. రాసింది పాకాల పాదిరీల బడిలో డ్రాయింగు మాస్టరు శాంతయ్య అట. పేద మాస్టరే గానీ ఒక్క మాట ఎక్కువ రాయలేదు, ఒక్క మాట తక్కువ రాయలేదు. కంపెనీ పంపిన పాత బొమ్మలన్నీ వరదయ్య పక్కన పరిచి చూశాడు. దేంట్లోనూ రబ్బరు లేదు, చీల లేదు. ఎవరి దగ్గరో కాజేసిన తెలివి అందామంటే, అలా చెప్పుకునేవాడు ఎవడూ లేడు.

చట్టంలో మిగిలింది ఒక్కటే దారి. అర్జీ పెట్టకముందే ఆ మిషను ఈ దేశంలో ఎక్కడైనా నలుగురిలో ఆడి ఉంటే, అది అప్పటికే అందరిదీ అయిపోయినట్టు. దాని మీద ఇక ఎవడికీ హక్కు పుట్టదు.

వరదయ్య కోటు విప్పి కొక్కేనికి తగిలించాడు. మర్నాడు అన్న పంచె, అన్న తువ్వాలు వేసుకుని పాకాల రైలెక్కాడు.

ఆదిమూలం కొలిమి రైలు గేటు పక్కనే. వరదయ్య పోయేసరికి ఆయన నేల మీద కూర్చుని, టైరు ముక్కను రెండు పాదాల మధ్య బిగించి కోస్తున్నాడు. కత్తిని మాటిమాటికీ సబ్బునీళ్ల ముంతలో ముంచుతున్నాడు. పొడి కత్తి రబ్బరులో ఇరుక్కుంటుంది, తడి కత్తి వెన్నలో దిగినట్టు దిగుతుంది. నలభై దాటిన మనిషి. ముంజేతుల మీద నిప్పురవ్వల మచ్చలు. గోడకు ఒక ఫోటో, దానికి వాడిపోయిన చేమంతి దండ. మూలన గోనెపట్ట కప్పిన మిషను.

వరదయ్య చిత్తూరులో తమ మండీ పేరు చెప్పాడు. విత్తనాల అదను కదా, నిండు గింజ ఒలిచే మిషను ఉందంటే చూసిపోదామని వచ్చానన్నాడు. మండీ ఉన్న మాట నిజం. అది నడిపేది అన్న. చూసిపోవడానికి వచ్చిన మాట కూడా నిజమే.

ఆదిమూలం కత్తి పక్కన పెట్టాడు గానీ లేవలేదు. అర్జీ పెట్టి ఉన్నామనీ, కాగితం వచ్చేదాకా ఎవరికీ చూపించవద్దని మాస్టరు చెప్పాడనీ నసిగాడు. అంతలో ఆయన భార్య మునిరత్నమ్మ చేటలో గింజలు, వాటి మీద బెల్లం ముక్క పెట్టి తెచ్చింది. వరదయ్య బెల్లం జోలికి పోలేదు. గుప్పెడు గింజలు తీసుకుని, అరచేతిలో పరిచి, బొటనవేలితో దొర్లించాడు. ఒకదాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఇంకొకదాన్ని పంట కొరికి, విరిగిన చప్పుడు విన్నాడు. చిన్నప్పుడు నాయన పక్కన మండీలో కూర్చుని నేర్చుకున్న పని అది.

మునిరత్నమ్మ మొగుడి వైపు తిరిగి నవ్వింది.

"సూపించబ్బా. గింజ పట్టుకునే చెయ్యి సూస్తే తెలీలేదా? ఈయప్ప యాపారస్తుడే. మిషను దొంగిలించేవోడు మిషను సూస్తాడు గానీ గింజ కొరకడు."

ఆదిమూలం గోనె తీశాడు. మిషను నోట్లో కాయలు పోసి పిడి తిప్పాడు. ఇనుము మోత లేదు. వాన మొదలయ్యే ముందు ఆకుల్లో వచ్చే చప్పుడు లాంటిది వచ్చింది. కింద గంపలోకి గింజలు జారాయి, పొట్టు పక్కకు పోయింది. వరదయ్య వంగి గంపలో చేయి పెట్టి కెలికాడు. పగిలిన బద్ద ఒక్కటీ కనపడలేదు. ఆ క్షణంలో తాను వకీలునన్న సంగతి మరిచిపోయాడు. నాయన బతికి ఉంటే ఈ మిషను ముందర పీట వేసుకుని కూర్చునేవాడని అనిపించింది. మరు క్షణంలో గుర్తొచ్చింది.

దీన్ని మొదట ఎక్కడ ఆడించావని అడిగాడు, చేతులు దులుపుకుంటూ.

ఆదిమూలం గోడ మీది ఫోటో చూపించాడు.

"పోయినేడు గంగజాతరలో సామీ. మా ఇంట్లో తాత కాలం నుంచీ అంతే. కొత్త పనిముట్టు ఏది చేసినా ముందు అమ్మ ముందర ఆడాల. నలుగురి చెయ్యి పడాల. కొలిమింట్లో దాసిపెట్టింది దొంగ పనిముట్టు, దానికి పని రాదు అనేటోడు మా నాయన."

"ఎవరెవరు తిప్పినారు?"

"ఎవురు తిప్పలేదో అడుగు సామీ. రెడ్లు తిప్పినారు, టేసను మాస్టరు తిప్పినాడు, వేషాలేసుకున్నోళ్లు తిప్పినారు. మొదటి సుట్టు మా నాయనది. ఆ పొద్దంతా ఒలిసిందే ఒలిసేది. గింజంతా బెల్లం కలిపి ఊరికి పంచేసినాం."

ఫోటోలో బండి మీద మిషను ఉంది. దాని పిడి పట్టుకుని తలపాగా ముసలాయన, ఆదిమూలం నాయన కుప్పయ్య. చుట్టూ ముఖాలే ముఖాలు. మిషను మూత తీసే ఉంది. లోపలి రబ్బరు ముక్కలు, పక్కన చెక్క చీల, లెక్కపెట్టుకునేంత తేటగా కనపడుతున్నాయి. అట్ట కింద చిత్తూరు స్టూడియోవాడు తన పేరూ, తేదీ అచ్చు వేశాడు. అర్జీ పెట్టింది ఆ తరువాతి శ్రావణంలో. వరదయ్యకు గుండెల్లో తక్కెడ ముల్లు ఒక పక్కకు ఒరిగి అక్కడే నిలిచిపోయింది.

ఈ జాతర సంగతి శాంతయ్య మాస్టరుకు చెప్పావా అని అడిగాడు.

దానికి మునిరత్నమ్మే జవాబు చెప్పింది. "ఆయప్ప అడగలేదు, మేం చెప్పలేదు. అయినా ఏమని చెప్పేది సామీ? అమ్మకు చేసిన పని అది. జనానికి సూపించినట్టు అవుతాదా?"

అవుతుంది. చట్టం అమ్మనూ జనాన్నీ వేరు చేయదు. వరదయ్య పైకి మాత్రం ఎంతో మంచి ఆచారమని మెచ్చుకున్నాడు. ఇంతమంది చేయి పడిన మిషను అంటే వ్యాపారస్తులకు గురి కుదురుతుందనీ, ఈ సంగతే నాలుగు ముక్కలు రాసి సంతకం పెడితే, ఫోటో కూడా ఇస్తే, తీసుకుపోయి కావలసినవాళ్లకు చూపిస్తాననీ అన్నాడు. కుదిరితే ఆదివారం అన్నను తీసుకుని వస్తానని కూడా అన్నాడు.

తానే రాశాడు, శుభ్రమైన తెలుగులో. పోయిన సంవత్సరం జాతరలో, ఊరందరి ఎదుట, రబ్బరు ముక్కలూ చీలా ఉన్న ఈ మిషనునే మూత తీసి ఆడించామనీ, కోరినవారందరూ తిప్పి చూశారనీ. రాసి, నిదానంగా చదివి వినిపించాడు. అందులో ఒక్క అబద్ధం లేదు. ఆదిమూలం విన్నంతసేపూ తలాడించాడు. రెడ్ల పేర్లు కూడా వేయమన్నాడు. వరదయ్య వేశాడు. ఆదిమూలం మసి చేతులు పంచెకు తుడుచుకుని, నాలుక పంటి కింద పెట్టుకుని, ఒక్కో అక్షరం దిద్దినట్టుగా సంతకం చేశాడు.

ఫోటో దించేటప్పుడు మాత్రం మునిరత్నమ్మ కొంచెం వెనకాడింది. మామ కార్తీకంలో పోయాడనీ, ఆయన రూపు ఉన్నది ఇదొక్కటేననీ చెప్పింది. పోగొట్టవుగా అని అడిగింది. దండ తీసి మేకుకే తగిలించి, అట్టను కొంగుతో తుడిచి ఇచ్చింది. వరదయ్య రెండు చేతులతో అందుకున్నాడు.

బుధవారమంతా ఆయన టైపు మిషను ముందర కూర్చున్నాడు. ఆచారి మాటలను ఇంగ్లీషులోకి మార్చి, తన ప్రమాణ పత్రం జోడించి, ఫోటో వెనక గుర్తు అక్షరం వేశాడు. ఇంత గట్టి సాక్ష్యం ఆయన ఇన్నేళ్లలో కట్టలేదు. కొట్టేవాడు పరాయివాడైతే దెబ్బ తప్పించుకోవచ్చు. ఇక్కడ అర్జీదారు చేయే అర్జీదారు మెడ మీద పడుతోంది.

కట్ట కట్టేటప్పుడు ఒక ఆలోచన వచ్చింది. వాడుక ప్రకారం దీన్ని మద్రాసుకు పంపాలి. దొర దాన్ని తన కాగితం మీద తన పేరుతో కలకత్తాకు పంపుతాడు. కంపెనీ దొరనే మెచ్చుకుంటుంది. దొరలు వెళ్లిపోయే రోజులు. రేపు మద్రాసు ఆఫీసు మూసేస్తే, ఈ దక్షిణాన పేటెంటు పని తెలిసినవాడు ఎవడని కంపెనీ వెతికినప్పుడు కాగితాల మీద ఎవడి పేరు కనపడాలి? నోటీసు మీద దొర పేరు పక్కన తన పేరూ ఉంది. నేరుగా పంపే అధికారం తనకుంది. మధ్య దళారిని తప్పించి సరుకు నేరుగా దింపడం మండీలో పుట్టినవాడికి ఒకరు నేర్పాలా?

కట్ట మీద కలకత్తా అడ్రసు రాసి రిజిస్టరు చేశాడు. దొరకు మాత్రం, పని అయిపోయింది, నేరుగా పంపించానని ఒక కార్డు రాశాడు.

శనివారం సాయంత్రం తంతి వచ్చింది. దొర బొంబాయి పోతూ ఆదివారం పొద్దున రేణిగుంటలో దిగుతున్నాడనీ, వచ్చి కలవమనీ. వరదయ్య కోటు ఇస్త్రీ చేయించాడు. మెచ్చుకోవడానికే దిగుతున్నాడని ఆయనకు అనుమానమే లేదు. తోవలో పాకాల స్టేషను వచ్చినప్పుడు కిటికీ తలుపు దించుకున్నాడు.

రేణిగుంట స్టేషనులో మొదటి తరగతి గదిలో దొరతో పాటు ఇంకో తెల్లవాడున్నాడు. ఎర్రటి ముఖం, మోకాళ్ల దాకా నిక్కరు. కంపెనీ ఇంజనీరు అని దొర చెప్పాడు. బల్ల మీద ఒక చిన్న గుడ్డసంచి ఉంది. ఇంజనీరు దాని మూతి విప్పి బల్ల మీద గుమ్మరించాడు. నిండు వేరుశనగ గింజలు.

మద్రాసు రేవులో పాకాల సరుకని చెప్పిన బస్తాలో ఇవి దొరికాయట. ఇంజనీరు రెండు రోజులు వీటినే చూస్తూ కూర్చుని, ఇంగ్లండుకు కేబులిచ్చాడు. ఆపడం కాదు, కొనాలన్నాడు. కంపెనీ సరేనంది. ఆ ఆచారి దగ్గర హక్కు మొత్తం కొనేసి, ఏటా అమ్మే మిషన్లలో ఆయనకు వంతు ఇచ్చి, ఆయన్నే మద్రాసులో తమ కొట్టంలో మేస్త్రీగా పెట్టుకోవాలని. ఆ పత్రాలన్నీ రాయడం, ఆ పేటెంటును ఏళ్ల తరబడి కాపాడటం, ఎక్కడెక్కడ ఎవడు దొంగతనంగా చేస్తున్నాడో పట్టడం, ఆ పనంతా వరదయ్యకు అప్పగించాలని దొర అనుకున్నాడు. సాక్ష్యం మద్రాసు వస్తుంది గదా, వచ్చినప్పుడు దాన్ని సొరుగులో పెట్టేద్దామనుకున్నాడు. వచ్చింది కార్డు.

వరదయ్య కట్టను వెనక్కి తెప్పించవచ్చేమోనన్నాడు.

దొర తల అడ్డంగా ఊపాడు. నిన్న పొద్దున్నే కలకత్తాలో రిజిస్టరులోకి ఎక్కిందని తంతి వచ్చిందట. ఎవరైనా అడిగి చూడవచ్చు, ఎవరైనా వాడుకోవచ్చు. ఆచారికి పోవలసిన నకలు కూడా ఈ రెండు రోజుల్లో అక్కడి నుంచే బయలుదేరుతుంది. తరువాత దొర చాలా మర్యాదగా, సాక్ష్యం చాలా బాగా కట్టారని అన్నాడు. అందులో పట్టుకోవడానికి ఒక్క సందు కూడా కనపడలేదని అన్నాడు.

ఇంజనీరుకు పెద్ద బాధేమీ కనపడలేదు. గింజలు ఏరి సంచిలో వేసుకుంటూ, పోనీలెమ్మన్నాడు. హక్కు ఎవరికీ లేకపోతే మాకూ ఎవరూ అడ్డం రారు గదా, రేపటి నుంచి మా మిషన్లలో మేమే రబ్బరు వేసుకుంటాం, ఎవరికీ ఏమీ ఇచ్చుకునే పని లేదు, ఒకందుకు చవకే అయిందని నవ్వాడు. ఎవరిదీ కాని వస్తువుకు వకీలు కూడా అక్కరలేదు. ఆ మాట ఆయన అనలేదు. దొర కూడా అనలేదు. ఈ జిల్లాల్లో ఇక మీదట తమకు పెద్దగా పనులుండకపోవచ్చని మాత్రం, బొంబాయి మెయిలు వచ్చినప్పుడు, మెట్టు మీద కాలు పెట్టి అన్నాడు.

మధ్యాహ్నం బండిలో వరదయ్య తిరుగుముఖం పట్టాడు. తిరుపతి దాటినా ఆయన మనసులో లెక్క తెగలేదు. దొర ఇచ్చే పని పోయింది. కంపెనీకి పోయిందేమీ లేదు, ఉచితంగా వచ్చింది. ఆచారికి రావలసింది రాకముందే పోయింది, వచ్చేదని తెలియకుండానే పోయింది. ఇన్ని చేతులు మారిన బేరంలో లాభం తిన్నవాడు సముద్రం అవతల ఉన్నాడు. వాడు ఈ వారమంతా వేలు కూడా కదపలేదు.

పాకాల వచ్చింది. కిటికీ తలుపు దించుకోవాలన్న సంగతి గుర్తొచ్చేలోగా ఆదిమూలం చూసేశాడు. ఉతికిన పంచె, నుదుట విభూతి. పక్కన మునిరత్నమ్మ, చంకలో గుడ్డసంచి. పొద్దుటి నుంచీ వచ్చిపోయే ప్రతి బండినీ చూస్తున్నారని ఆమె ముఖం మీది చెమటే చెబుతోంది. ఇద్దరూ కిటికీ దగ్గరికి పరుగున వచ్చారు. కోటు చూసి ఆదిమూలం ఒక్క క్షణం తడబడి, తరువాత మరింత వంగి దండం పెట్టాడు.

"అన్నగారు రాలేదా సామీ?"

అన్నకు ఒంట్లో బాగా లేదన్నాడు వరదయ్య. ఆ వారం మొత్తం మీద ఆయన ఆడిన మొదటి అబద్ధం అది.

"పరవాలేదు సామీ, నెమ్మదిగానే రండి. కొత్త మిషను ఇంకొకటి సగమయింది. దామలచెరువు కమ్మరోళ్లు వచ్చి కాళ్లా వేళ్లా పడినారు, ఒక్కసారి మూత తీయమని. తీయలేదు. ఈ ఏడు జాతరకు గూడా తీసకపోలేదు సామీ, అమ్మ ముందరికే. మా నాయనుంటే ఒప్పుకోడు. రాత్రుళ్లు నిద్ర పట్టలేదు. అయినా కాయితం వచ్చేదాకా ఎవురి కంటా పడనీకూడదని మాస్టరు చెప్పినాడు గదా, గట్టిగా నిలబడినా." ఆదిమూలం కిటికీ కమ్మి పట్టుకుని గొంతు తగ్గించాడు. "మీకొక్కరికే సూపించినా. మీరు మాత్రం యాడా చెప్పొద్దు సామీ."

"చెప్పను," అన్నాడు వరదయ్య.

మునిరత్నమ్మ సంచి లోపలికి అందించింది. అన్నగారికి నమూనా అంది. ఫోటో తెచ్చావా అని అడగలేదు. పని అయినాక తెచ్చియ్యి సామీ, మేకు అట్లే పెట్టినాం, దండ కొత్తది గుచ్చినా అంది. వరదయ్య వచ్చే వారమన్నాడు. గార్డు పచ్చజెండా ఊపాడు. ఇద్దరూ బండి వెంట నాలుగడుగులు నడిచి, నవ్వుతూ ఆగిపోయారు.

బండి వేగం అందుకున్నాక వరదయ్య సంచి మూతి విప్పాడు. అలవాటు కొద్దీ గుప్పెడు గింజలు తీసి, అరచేతిలో పరిచి, బొటనవేలితో దొర్లించాడు. ఇంకో గుప్పెడు తీశాడు. తరువాత సంచి మొత్తం ఒళ్లో తువ్వాలు మీద పోసి, కోటు చేతులు పైకి లాక్కుని, ఒక్కొక్క గింజే పక్కకు జరుపుతూ చిత్తూరు దాకా వెతికాడు. ఒక్క బద్ద దొరికితే బాగుండుననిపించింది. దొరకలేదు.